కాచిగూడ రైలు, గౌలిగూడ బస్సు

2018 జులై 5 ఉదయం హైదరాబాద్ గౌలిగూడలో పాత బస్టాండు కప్పు ఒక్కసారిగా నేలమట్టమైంది. వంపు తిరిగిన ఇనుప చట్రం మీద నిలిచిన పెద్ద రేకుల కప్పు అది. కుంగుతోందని కొన్ని రోజుల ముందే గమనించిన ఆర్టీసీ అధికారులు బస్సుల్నీ జనాన్నీ లోపలికి రానివ్వడం ఆపేశారు. అందుకే ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. జిల్లాల నుంచి చదువుకో, కొలువుకో, పెద్దాసుపత్రికో వచ్చేవాళ్లు దశాబ్దాల పాటు నగరంలో తొలి అడుగు పెట్టింది ఆ కప్పు కిందే. 1994లో మూసీ మధ్యలోని ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) తెరిచేదాకా జిల్లా బస్సులకు గమ్యం గౌలిగూడే.

అసలు ఆ షెడ్డు బస్సుల కోసం తయారైనది కాదు. విమానాలు నిలపడానికి చేసిన మిసిసిపీ హ్యాంగర్ అది. 1930 ప్రాంతంలో నిజాం రాజ్యానికి వచ్చింది, రెండేళ్లు తిరిగేసరికి బస్సులకు నీడైంది. ఆ బస్సులు నడిపింది మాత్రం రైల్వే. ఈ నగరానికి బస్సు మేలా, రైలు మేలా అని ఇవాళ ఎక్కడ చర్చ జరిగినా రెంటినీ సవతుల్లాగే చూస్తారు. హైదరాబాద్‌లో ఆ రెండూ ఒక ఇంట్లో పుట్టాయి, దాదాపు ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాయి. తరవాత వేరుపడ్డాయి. ఆ వేరు కాపురం ఖర్చు ఎవరి మీద పడుతోందో తెలియాలంటే పాత కథలోకి వెళ్లాలి.

రైలు ముందు వచ్చింది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు పట్టాలు పడ్డాయి. బొంబాయి వైపు వెళ్లే పెద్ద లైనుకు దక్కన్ రాజధానిని కలపడం, సికింద్రాబాద్ కంటోన్మెంటుకు సైన్యాన్నీ సరుకునీ చేర్చడం దాని పని. 1883లో ఆ లైను నిర్వహణ, విస్తరణ లండన్ పెట్టుబడిదార్ల కంపెనీ చేతికి వెళ్లాయి. వాళ్లు పెట్టిన సొమ్ముకు ఇరవై ఏళ్ల పాటు ఏటా 5 శాతం చొప్పున నిజాం ఖజానా హామీ ఇచ్చింది. రైల్వే పేరులో ‘గ్యారంటీడ్’ అన్న మాట చేరింది అందుకే. లాభమొస్తే కంపెనీది, లోటొస్తే రైతు కట్టిన శిస్తుది. ఈ ఒప్పందం మంచిచెడ్డలు జనానికి చెప్పి చర్చించాలని అడిగినందుకు సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. చందా పట్టణం పేరుతో చరిత్రలో అది చందా రైల్వే వివాదం. ప్రజారవాణాకు డబ్బు ఎవరు పెట్టాలి, నష్టం ఎవరు మోయాలి అన్న ప్రశ్న ఈ నగరంలో 140 ఏళ్ల కిందటే ఒక మనిషికి దేశ బహిష్కారం తెచ్చిపెట్టింది.

లైను 1889లో బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు కదిలింది. 1907లో నాంపల్లి స్టేషను, 1916లో కాచిగూడ స్టేషను వచ్చాయి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి కట్టిన విన్సెంట్ ఎష్ గీసిన నమూనాయే కాచిగూడది కూడా. గుమ్మటాలు, మినార్లతో దూరం నుంచి చూసేవాళ్లకు రైల్వే స్టేషనంటే నమ్మబుద్ధి కాదు. రైల్వే కంపెనీ ప్రధాన కార్యాలయం అక్కడే ఉండేది. 1930 ఏప్రిల్‌లో కంపెనీ దగ్గర్నుంచి ప్రభుత్వం రైల్వేను కొనేసింది. అప్పటినుంచి అది నిజాం స్టేట్ రైల్వే.

అప్పటికి దేశమంతా రైల్వేలకు ఒక కొత్త బెంగ పట్టుకుంది. ఊరికో మోటారు బస్సు పుట్టుకొస్తోంది. స్టేషను దాకా నడిచి, గంటల తరబడి కాచుకుని, మళ్లీ దిగాక ఇంటిదాకా నడవాల్సిన రైలు కన్నా, ఊరి రావిచెట్టు కిందే ఎక్కించుకుని సంత దగ్గరే దింపే మోటారు జనానికి నచ్చింది. రైలు పట్టాల పక్కనే రోడ్డు ఉన్నచోటల్లా రైల్వే రాబడికి గండి పడింది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఈ పోటీ లెక్క తేల్చమని 1932లో మిచెల్, కిర్క్‌నెస్‌లను నియమించింది. 1933లో సిమ్లాలో రైలు-రోడ్డు సమావేశం పెట్టింది, ఆపైన వెడ్జ్‌వుడ్ కమిటీ వేసింది. ఆ మథనం చివరికి 1939 మోటారు వాహనాల చట్టంగా బయటికొచ్చింది. పర్మిట్లు, హద్దులు, తనిఖీలతో బస్సుకు పగ్గం వేసి రైలును కాపాడుకోవడం వాళ్లు ఎంచుకున్న దారి.

హైదరాబాద్ వేరే దారి తొక్కింది. 1932 జూన్ 15న నిజాం స్టేట్ రైల్వే తనే రోడ్డు రవాణా విభాగం తెరిచింది. బస్సులు 27, ఉద్యోగులు 166 మంది. స్కాట్లండ్ నుంచి ఆల్బియన్ బండ్లు వచ్చాయి. దేశంలో ప్రభుత్వం బస్సు ప్రయాణాన్ని చేతిలోకి తీసుకోవడంలో దీన్నే తొలి ప్రయత్నంగా చెబుతారు. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ ఇప్పటికీ దాచుకుంది. ముందుకు పొడుచుకొచ్చిన ఇంజను, వెనక పెట్టెలాంటి బాడీ. పక్కన నిలబడ్డవాళ్లకు అది ఇప్పటి బస్సు ముందు ఆటబొమ్మలా కనిపిస్తుంది.

అలా చేయడంలో ఉన్న తెలివి ఏమిటో కాస్త ఆగి చూడాలి. రైలుకూ బస్సుకూ యజమాని ఒకడే అయినప్పుడు, బస్సు రైలు ప్రయాణికుణ్ని లాక్కుపోయినా డబ్బు ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు బస్సును పట్టాల పక్కన పరిగెత్తించడం కన్నా పట్టాలు లేని తాలూకాకు పంపడమే లాభం. అక్కడి జనాన్ని తెచ్చి స్టేషనులో దింపితే రైలూ నిండుతుంది. రైల్వేకు అలవాటైన క్రమశిక్షణ కూడా బస్సుకు అబ్బింది. టైంటేబుల్ ప్రకారం కదలడం, డిపోకు వచ్చిన బండిని చూసిగానీ మళ్లీ రోడ్డెక్కించకపోవడం, ట్రాఫిక్ ఒక శాఖ, మెకానికల్ ఒక శాఖ, పైన డివిజను. ఇవాళ్టి ఆర్టీసీ డిపోలో వినపడే ఈ మాటలు రైల్వే ఇంటి మాటలే. ఆర్టీసీ బస్సు నంబరులో కనిపించే ‘జెడ్’ అక్షరం కూడా ఆ కాలానిదేనంటారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు నిలవాలని పెట్టించాడని డ్రైవర్లూ కండక్టర్లూ తరతరాలుగా చెప్పుకుంటారు.

రైలు చేయలేని పని ఒకటి బస్సు మొదటి రోజు నుంచే చేసింది. 1874 పట్టాలు నగరం కోసం వేసినవి కావు. సైన్యం, సరుకుల అవసరం కొద్దీ బేగంపేట, నాంపల్లి, ఆపైన కాచిగూడ, ఫలక్‌నుమాల మీదుగా నగరాన్ని చుట్టి పోయాయే తప్ప చార్మినార్ గల్లీల్లోకి రాలేదు. ఒకసారి వేశాక వాటిని ఇటు అటు జరపలేరు. నగరం మాత్రం తనకు తోచినట్టు పెరిగింది. ఎక్కడ కొత్త బస్తీ లేస్తే అక్కడికి బస్సు పోయింది. నంబరుకు ఒక అక్షరం తగిలిస్తే కొత్త రూటు పుట్టేది. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు వెళ్లే 7జెడ్ డబుల్ డెక్కరు పై మేడ ఎక్కి, ముందు సీటు దొరికించుకుని, ట్యాంక్‌బండ్ మీద హుస్సేన్‌సాగర్ గాలి ముఖానికి కొడుతుండగా ప్రయాణించిన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. ఆ బండ్లు 2000 తరవాత తొలి ఏళ్లలో ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో కరెంటు బండ్లుగా కొన్ని తిరిగొచ్చాయి.

వేరుపాటు 1951 నవంబరులో జరిగింది. ఒకటో తేదీన బస్సులు హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ శాఖ కిందికి వెళ్లాయి. 5వ తేదీన నిజాం స్టేట్ రైల్వే కేంద్ర ప్రభుత్వపు సెంట్రల్ రైల్వేలో కలిసింది. అయిదు రోజుల్లో ఇంటి మధ్యన గోడ లేచింది. రైలుకు ఢిల్లీ, బస్సుకు హైదరాబాద్. అప్పటి పాలకులకు వేరే దారి ఉండేదని చెప్పడం కష్టం. రాజ్యాంగమే రైల్వేలను కేంద్రానికి ఇచ్చింది. ఒక ఊరి ప్రయాణం రెండు రాజధానుల లెక్కల పుస్తకాల్లోకి విడిపోవడం మాత్రం ఆ వారంలోనే మొదలైంది.

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. తెలంగాణలో బస్సు అప్పటికే సర్కారుది. కోస్తాలో ప్రైవేటు యజమానులది. కృష్ణా జిల్లా రూట్లను జాతీయం చేయబోతే యజమానులు సుప్రీంకోర్టు మెట్లెక్కారు. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, తీర్పు చెప్పింది ముఖ్యమంత్రి. పైగా ఆ పథకంతో కార్యదర్శి శాఖకే సంబంధం. విన్నవాడే నిర్ణయించాలి, తన శాఖ వ్యవహారంలో తనే న్యాయాధికారిగా కూర్చోకూడదు అంటూ కోర్టు దాన్ని కొట్టేసింది. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా లా కాలేజీల్లో ఇప్పటికీ చదివే తీర్పు అది. బెజవాడ బస్సు రూటు కోసం జరిగిన తగాదా దేశ పరిపాలనా చట్టానికి ఒక పాఠమైంది. సర్కారు మళ్లీ పద్ధతి ప్రకారం కదిలింది. జిల్లా తరవాత జిల్లా ఎర్రబస్సు చేతికొచ్చింది. 1999 నాటికి ప్రపంచంలో అతి ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ పుస్తకం ఆర్టీసీ పేరు రాసుకుంది.

ఆ ఏళ్లన్నిటా హైదరాబాద్‌ను మోసింది బస్సొక్కటే. పొద్దున తొమ్మిదింటి బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లు, చేతిలో చిల్లర నలుపుకుంటూ లేడీస్ సీటు దగ్గర ఒదిగి నిలబడ్డ నర్సులు. మధ్యలో కండక్టరు. ఎడమ చేతిలో రంగురంగుల టికెట్ల బొత్తులు, భుజానికి తోలు సంచి. ముప్పై మందిని నెట్టుకుంటూ వెనక్కి పోయి ‘రైట్, రైట్’ అని ఒక కేక, ఎవరో పరిగెత్తుకొస్తే ‘హోల్డాన్’ అని మరో కేక. టికెట్లు కొట్టే మిషన్లు వచ్చాక ఆ బొత్తులు పోయాయి, కేకలు మిగిలాయి. బస్సు గొప్పతనం ఆ రెండో కేకలోనే ఉంది. పరిగెత్తుకొచ్చేవాళ్ల కోసం ఆగగల బండి అదొక్కటే. దాని బలహీనతా అక్కడే పుట్టింది. కారు కోసం, స్కూటరు కోసం, పెళ్లి ఊరేగింపు కోసం, అమీర్‌పేట చౌరస్తా కోసం కూడా బస్సు ఆగాల్సిందే. రోడ్డు మీద అరవై మందిని మోసే బస్సుకూ ఒక్కణ్ని మోసే కారుకూ ఒకే హక్కు.

ఆ హక్కు తేడా తేల్చాలనే ఆలోచన మన దగ్గర ఆంధ్రా తీరంలో మొదలైంది. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద విజయవాడ, విశాఖపట్నాలకు బస్సు రాపిడ్ ట్రాన్సిట్ (బీఆర్‌టీఎస్) మంజూరైంది. రోడ్డు మధ్యలో బస్సుకు మాత్రమే దారి. కురిచిబా, బొగొటా నగరాలు ఆ పద్ధతిలో లక్షలమందిని మోస్తున్నాయి. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన జన్‌మార్గ్ నిలబడింది. ఢిల్లీలో 2008లో వేసిన దారిని కార్ల యజమానుల గోల తట్టుకోలేక 2016లో తవ్వేశారు. విజయవాడలో దారి కట్టారుగానీ దానిమీద బస్సు నిలకడగా నడవలేదు. ఇప్పుడు ఆ ఊళ్లో బీఆర్‌టీఎస్ రోడ్డు అంటే ఒక చిరునామా మాత్రమే. మెట్రోకు అయ్యే ఖర్చులో చిన్న భాగంతో బస్సుకు పట్టాల వేగం వచ్చే ఏర్పాటు అది. దానికి కావాల్సింది సిమెంటు కన్నా, కారును పక్కకు జరగమనే అధికారుల తెగువ. అది దొరకలేదు.

హైదరాబాద్‌లో 1951 నాటి గోడకు ఒక కిటికీ 2003 ఆగస్టు 9న తెరుచుకుంది. ఆనాటి ఉపప్రధాని అద్వానీ ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లకు పచ్చజెండా ఊపారు. రాష్ట్రం సగం, దక్షిణ మధ్య రైల్వే సగం వేసుకుని, ఉన్న పాత పట్టాల మీదే లింగంపల్లి, నాంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమాలను కలిపాయి. సుమారు 43 కిలోమీటర్లకు అయిన ఖర్చు 178 కోట్లు. అంటే కిలోమీటరుకు నాలుగు కోట్ల పైచిలుకు. ఇంత చవకగా దొరికిన రైలు ఈ దేశంలో అరుదు. కానీ పట్టాలు రైల్వేవి. సికింద్రాబాద్ స్టేషనులోకి దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్ వస్తుంటే లోకల్ బయట సిగ్నలు దగ్గర నిలబడాల్సిందే. సమయానికి రాని రైలును కొలువుకు వెళ్లేవాళ్లు ఎన్నాళ్లు నమ్ముతారు? రెండో దశ 2012-13లో మంజూరైంది. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రం భరించాలన్న ఒప్పందం మీద, ఎవరి వాటా ఎప్పుడొస్తుందన్న ఉత్తరాల మధ్య ఏళ్లు గడిచాయి. కొన్ని లైన్లలో రైళ్లు కదిలేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది.

మెట్రో కథ ఇంకోలా నడిచింది. 2008లో టెండరు దక్కించుకున్న మేటాస్ బృందం ప్రభుత్వం నుంచి పైసా అడక్కపోగా ఎదురు తానే 30,311 కోట్లు చెల్లిస్తానంది. రైలు టికెట్లతో అంత డబ్బు రాదని తెలిసినవాళ్లు విస్తుపోయారు. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, ఇది రైలు కన్నా భూముల మీద ఆశతో నడిచే వ్యవహారమని హెచ్చరించారు. ప్రభుత్వం ఆయన మీద పరువునష్టం దావా వేస్తానంది. 2009 జనవరిలో మేటాస్ వెనకున్న కుటుంబానిదే అయిన సత్యం సంస్థ కుంభకోణం బయటపడింది, జులైలో ఒప్పందం రద్దయింది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ సంతకం చేసింది. 12,132 కోట్ల అంచనా, 71 కిలోమీటర్లు, కేంద్రం నుంచి 1,458 కోట్ల సాయం. కిలోమీటరుకు 170 కోట్లన్నమాట. 1883 నాటి హామీ ఒప్పందాన్ని తలచుకుంటే, పట్టాల సొమ్ము గురించి ముందే నిలదీసి అడిగినవాళ్ల మాట విని ఉండాల్సిందని రెండు శతాబ్దాల్లోనూ అనిపిస్తుంది.

అయినా మెట్రో వచ్చాక నగరం ఊపిరి పీల్చుకుందన్నది నిజం. 2017 నవంబరులో మియాపూర్-నాగోల్ మధ్య మొదలై, 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లయింది. మూడు బోగీల బండిలో సుమారు వెయ్యిమంది పడతారు. అది పదహారు, పదిహేడు బస్సుల జనం. పైగా కింద అమీర్‌పేటలో ఎంత ట్రాఫిక్ ఉన్నా పైన బండి ఆగదు. ఆ దూరాన్ని బస్సులో గంటన్నర పట్టుకుని వెళ్లినవాళ్లకు ఈ హాయి ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

పొద్దున జనగామ నుంచి రైల్లో సికింద్రాబాద్‌లో దిగిన కుర్రాడొకడు హైటెక్ సిటీకి వెళ్లాలనుకోండి. మూడు దారులున్నాయి. స్టేషను బయటికొచ్చి 10హెచ్ బస్సు ఎక్కొచ్చు. పారడైజు, అమీర్‌పేట మీదుగా పోతుంది, ఎప్పటికి చేరుతుందో డ్రైవరుకే తెలియదు. రేతిఫైల్ బస్టాండు వైపు నడిచి సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఎక్కొచ్చు. మారే పని లేకుండా వెళుతుంది గానీ మూడింటిలో ఖరీదైనది అదే. స్టేషను బయటికి రాకుండానే ఎంఎంటీఎస్ ఎక్కొచ్చు. అన్నిటికన్నా చవక. ఇక్కడో తిరకాసు ఉంది. మెట్రో వాళ్ల హైటెక్ సిటీ స్టేషనూ, ఎంఎంటీఎస్ వాళ్ల హైటెక్ సిటీ స్టేషనూ ఒకటి కావు. రెంటికీ పేరొకటే, మధ్య దూరం కిలోమీటర్లలో ఉంటుంది. ఎంఎంటీఎస్‌లో మిగిల్చిన డబ్బు దిగాక షేర్ ఆటోకు పోతుంది. మూడు బండ్లకు మూడు టికెట్లు, మూడు టైంటేబుళ్లు. ఒకదాని రాక చూసి ఇంకొకటి కదలదు.

వేరు లెక్కల ఇబ్బంది మొన్నమొన్న మరోసారి బయటపడింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. కూరగాయలమ్మే తల్లి, ఇళ్లల్లో పనిచేసే అక్క రోజూ మిగిల్చుకునే డబ్బు ఆ ఇళ్లకు చిన్నది కాదు. ఇది జరగాల్సిన పనే. కానీ ఉచిత బస్సు వల్ల తమ ప్రయాణికులు తగ్గుతున్నారని మెట్రో నడిపే సంస్థ బాహాటంగానే చెప్పుకుంది. బస్సు, మెట్రో ఒకే ఇంటివైతే ఈ ఫిర్యాదుకే చోటుండేది కాదు. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కిన తల్లిని ఎవరి ప్రయాణికురాలని పంచుకోవాల్సిన పని ఉండేది కాదు. 1932లో కాచిగూడ కార్యాలయంలో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు.

కలుపుకునే ప్రయత్నాలు అసలు లేవనలేం. 2020 ఫిబ్రవరి 7న తెరిచిన మెట్రో లైను ఒక కొస జూబ్లీ బస్ స్టేషను, రెండో కొస ఎంజీబీఎస్. కరీంనగర్ బస్సు దిగినవాళ్లు రోడ్డు మీదికి రాకుండానే నల్గొండ బస్సు దగ్గరికి చేరగలరు. రెండు బస్టాండ్లను కలపడానికి 11 కిలోమీటర్ల పట్టాలు వేయడం ఈ నగర చరిత్రకు తగిన పని. ఆ లైను అక్కడితో ఆగకుండా పాతబస్తీ గుండా ఫలక్‌నుమా దాకా పోవాలి. మొదటి ఒప్పందంలో ఉన్న ఆ అయిదున్నర కిలోమీటర్లే కట్టకుండా వదిలేశారు. పట్టాలు 1874 నుంచీ పక్కనుంచి పోతూ వచ్చిన చార్మినార్‌కే మెట్రో కూడా దూరంగా ఉండిపోయింది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ భాగానికి శంకుస్థాపన చేశారు.

అది పూర్తయ్యేదాకా ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి ఫలక్‌నుమా వెళ్లేవాళ్లకు రెండు దారులు. ఇంకో మెట్రో పట్టుకుని ఒక స్టేషను అవతల మలక్‌పేటలో దిగి, మెట్లు దిగి, పాత పట్టాల దగ్గర ఎంఎంటీఎస్ కోసం కాచుకోవచ్చు. లేదంటే మూసీ వంతెన దగ్గరికి, అఫ్జల్‌గంజ్ వైపు నడిచి వెళ్లి చార్మినార్ మీదుగా పోయే బస్సు ఎక్కొచ్చు. రైలు ఎప్పుడొస్తుందో చూసుకునే ఓపిక లేనివాళ్లు, చేతిలో సంచులున్నవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు అఫ్జల్‌గంజ్ వైపే నడుస్తారు. హ్యాంగర్ నిలిచిన గౌలిగూడ ఆ పక్కనే.